కానుక పెట్టె మనమే చేద్దాం!

పిల్లలూ! స్నేహితుడి పుట్టినరోజు వచ్చింది. కానుక కొన్నారు. దాన్ని ఎందులో పెట్టి ఇస్తారు? బజారులో రంగురంగుల పెట్టెలు దొరుకుతాయి. కాని ఒక్కోసారి లోపలి కానుక కంటే పెట్టె ఖరీదే ఎక్కువవుతుంది. ఒక డ్రాయింగు షీటు, స్కేలు, పెన్సిలు, కత్తెర, కాస్త జిగురు ఉంటే చక్కని పెట్టె మనమే చేసుకోవచ్చు.

“ఇందులో సైన్సు ఏముంది మాస్టారూ? ఇది చేతిపని పీరియడ్ కదా!” అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుకు ఫలితం కూడా అనుభవించాను. ముందు ఆ సంగతి వినండి.

కొన్నేళ్ళ క్రితం మా బడిలో గంట కొట్టే అటెండరు గారు పదవీ విరమణ చేశారు. పిల్లలంతా ఆయన్ను ‘తాతా’ అని పిలిచేవారు. తొమ్మిదో తరగతి పిల్లలు తలా కొంత వేసుకుని ఆయనకు ఒక చేతి గడియారం కొన్నారు. పెట్టె మాత్రం తామే చేస్తామన్నారు. కొలతలు చెప్పమని నా దగ్గరకు వచ్చారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తల ఎత్తకుండానే “అడుగుకూ మూతకూ ఒకే కొలత తీసుకోండి” అని చెప్పేశాను. వాళ్ళు అలాగే చేశారు. సభ నాలుగు గంటలకు. పావుగంట ముందు చూస్తే మూత పట్టలేదు! గట్టిగా నొక్కేసరికి ఒక మూల చిరిగింది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. “మంచి కాగితం తేలేదు మీరు” అన్నాను నేను. తప్పు కాగితానిదా? ఆలోచిస్తూ ఉండండి. చివరికి చెబుతాను.

కాగితానికీ ఒక దారి ఉంది

మొదట కాగితం సంగతి చూద్దాం. కాగితం అంటే సన్నని మొక్కల పీచు. ఆ పీచు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడింది. మన కాగితం మిల్లులలో సరుగుడు, సుబాబుల్ వంటి చెట్ల కర్రను ఉడికించి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును చాలా నీళ్ళలో కలిపి, వేగంగా కదిలే సన్నని జల్లెడ మీద పోస్తారు. నీరు కారిపోతుంది, పీచు పొరగా మిగులుతుంది. కాలువలో కొట్టుకుపోయే గడ్డిపరకలను చూశారా? అవి ఎక్కువగా నీరు పారే దిశకే తిరుగుతాయి. అలాగే జల్లెడ మీది పీచులో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశకు తిరుగుతుంది. ఆ దిశను మనం ‘పీచు దారి’ అందాం.

పీచు దారిని కనిపెట్టడానికి రెండు చిన్న ప్రయోగాలు.

ఒకటి: పాత వార్తాపత్రికను పైనుంచి కిందికి చింపండి. తరువాత అడ్డంగా చింపండి. ఒక దిశలో దాదాపు తిన్నగా చిరుగుతుంది. రెండో దిశలో వంకరటింకరగా పోతుంది. తిన్నగా చిరిగినదే పీచు దారి.

రెండు: డ్రాయింగు షీటులో అరచేతి అంత ముక్క కత్తిరించి, ఒక వైపు మాత్రమే తడిపి చూడండి. కొద్దిసేపట్లో అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఏ దిశలో ఉందో పీచు దారి అదే. ఎందుకంటే, తడిసిన పీచు పొడవులో పెద్దగా పెరగదు, లావులో మాత్రం బాగా ఉబ్బుతుంది. తడి వైపు అడ్డంగా సాగుతుంది, పొడి వైపు సాగదు. అందుకే కాగితం వంగుతుంది.

ఇది తెలిస్తే ఏం లాభం? పీచు దారి వెంట మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పీచు విరగాలి కనుక, మందపాటి కాగితం మడత దగ్గర పగిలినట్లవుతుంది. పొడవాటి పెట్టె చేసేటప్పుడు పొడుగు మడతలు పీచు దారి వెంట ఉండేలా చూసుకోండి. చదరపు పెట్టెలో రెండు మడతలు దారి వెంట, రెండు అడ్డంగా వస్తాయి. తప్పించుకోలేం. దానికి వేరే ఉపాయం ఉంది. అదీ చెబుతాను.

ఏ పెట్టెలో ఎక్కువ పడుతుంది?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 18 సెం.మీ. భుజం గల చతురస్రాకారపు డ్రాయింగు షీటు తీసుకోండి. నాలుగు అంచుల నుంచి సమాన దూరంలో నాలుగు గీతలు గీయండి. మూలల్లో నాలుగు చిన్న గళ్ళు ఏర్పడతాయి. గీతల వెంట గోడలు పైకి మడిస్తే పెట్టె అవుతుంది. అయితే ఆ గీతలు అంచుకు ఎంత దూరంలో ఉండాలి? అంచుకు దగ్గరగా గీస్తే అడుగు వెడల్పు, గోడ పొట్టి. దూరంగా గీస్తే గోడ పొడుగు, అడుగు ఇరుకు.

ఈ ప్రశ్న నేను తరగతిలో అడిగితే ఎక్కువమంది “6 సెం.మీ.” అంటారు. అప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమై సరైన ఘనం వస్తుంది కనుక అందులోనే ఎక్కువ పడుతుందని వాళ్ళ ఊహ. నిజమేనా? లెక్క కట్టి చూద్దాం.

గోడ ఎత్తు 1 సెం.మీ. అయితే: 16 × 16 × 1 = 256 ఘనపు సెం.మీ.
2 సెం.మీ. అయితే: 14 × 14 × 2 = 392
3 సెం.మీ. అయితే: 12 × 12 × 3 = 432
4 సెం.మీ. అయితే: 10 × 10 × 4 = 400
5 సెం.మీ. అయితే: 8 × 8 × 5 = 320
6 సెం.మీ. అయితే: 6 × 6 × 6 = 216

చూశారా! అందరూ మెచ్చిన ఘనం ఆఖరున నిలిచింది. 3 సెం.మీ. పెట్టెలో దానికి సరిగ్గా రెండింతలు పడుతుంది. కాగితం మాత్రం రెండింటికీ ఒకటే! నమ్మకం కలగకపోతే రెండు పెట్టెలూ చేసి, వాటిలో బియ్యం తలకొట్టి నింపి, కొలజాడీలో పోసి చూడండి.

పదో తరగతి వాళ్ళు “3 దగ్గరే ఎందుకు?” అని అడగాలి. దీనికి ఒక చక్కని దారి ఉంది. గోడ ఎత్తు ‘ఎ’ అనుకుందాం. అడుగు భుజం 18 – 2ఎ. ఇప్పుడు మూడు సంఖ్యలు తీసుకోండి: 4ఎ, 18 – 2ఎ, 18 – 2ఎ. వీటిని కూడితే ‘ఎ’ ఎగిరిపోతుంది, ఎప్పుడూ 36 వస్తుంది. మొత్తం మారని మూడు ధన సంఖ్యలను గుణిస్తే, మూడూ సమానమైనప్పుడే లబ్ధం అన్నిటికంటే పెద్దది. అంటే ఒక్కొక్కటి 12 కావాలి. 4ఎ = 12 అయితే ఎ = 3. మన మూడు సంఖ్యల లబ్ధం పెట్టె ఘనపరిమాణానికి నాలుగు రెట్లు. 12 × 12 × 12 = 1728, దాన్ని నాలుగుతో భాగిస్తే 432. సరిపోయింది కదా! చతురస్రం ఎంత పెద్దదైనా సూత్రం ఇదే: భుజంలో ఆరో వంతు ఎత్తుగా తీసుకుంటే పెట్టెలో ఎక్కువ పడుతుంది.

మడతకు ముందే ముస్తాబు

చాలామంది పెట్టె చేసేశాక రంగులు వేస్తారు. గోడలు వంగుతాయి, మూలల్లో రంగు పట్టదు. కాగితం బల్లపరుపుగా ఉన్నప్పుడే అలంకరించాలి.

ఇంట్లో ఉన్న వస్తువులతో ఒక అలంకారం చెబుతాను. చెంచాడు పసుపును కొద్ది నీళ్ళలో పలుచగా కలిపి, తెల్ల డ్రాయింగు షీటు మీద దూదితో పూయండి. నీడన ఆరనివ్వండి. పైన మిగిలిన పొడిని గుడ్డతో దులపండి. తరువాత చాకలి సోడా కలిపిన నీటిలో చీపురుపుల్ల ముంచి, ముగ్గు వేసినట్లు గీతలు గీయండి. పసుపు మీద ఎర్రని గీతలు పడతాయి! పసుపు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. ఎక్కడైనా గీత తప్పిందా? అక్కడ నిమ్మరసం చుక్క అద్దండి. ఆమ్లం తగిలి మళ్ళీ పసుపు వస్తుంది. మీ రబ్బరు ఈసారి నిమ్మకాయ! అయితే ఈ రంగు ఎండలో వెలిసిపోతుంది. పెట్టెను నీడనే ఉంచండి. పూర్తిగా ఆరాక షీటును రెండు బరువైన పుస్తకాల మధ్య ఒక రాత్రి ఉంచితే ముడతలు పోతాయి.

పసుపు వద్దనుకుంటే పాత శుభలేఖల మీది బొమ్మలు, కాలెండరు పూలు కత్తిరించి అంటించవచ్చు.

మడవడం, అంటించడం

ఇప్పుడు షీటును వెనక్కు తిప్పి, అంచుకు 3 సెం.మీ. దూరంలో నాలుగు గీతలు గీయండి. వెంటనే మడవకండి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, స్కేలు ఆనించి, గీత మీద గట్టిగా రెండుసార్లు లాగండి. సన్నని గాడి పడుతుంది. ఇందాక చెబుతానన్న ఉపాయం ఇదే. మడతలో కాగితం బయటి వైపు సాగాలి, లోపలి వైపు నలగాలి. గాడి పడిన చోట పీచు ముందే నలిగి ఉంటుంది కనుక మడత పక్కకు పోకుండా అక్కడే పడుతుంది. పీచు దారికి అడ్డంగా వచ్చే గీతల మీద మరో రెండుసార్లు ఎక్కువ లాగండి.

మూలల్లోని గళ్ళను కత్తిరించి పారేయకండి. ఒక్కో గడికి ఒక పక్క మాత్రమే, లోపలి మూల వరకు, కత్తిరించండి. రెండో పక్క గోడను పట్టుకునే ఉండాలి. అప్పుడు ఆ గడి ఒక రెక్క అవుతుంది. గోడలు నిలబెట్టి, రెక్కను పక్క గోడకు లోపలి వైపు అంటించండి. వృథా లేదు, మూలకు రెట్టింపు బలం.

బలం అన్నాను కనుక ఒక మాట. అంటించక ముందు గోడలు వాలిపోతుంటాయి. నాలుగు మూలలూ అంటించగానే అదే కాగితం గట్టిపడుతుంది. ఎందుకు? మీ స్కేలును పడుకోబెట్టి రెండు చివరలా పట్టుకుని వంచండి, సులభంగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచండి, వంగదు. దూలాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి వేసేది ఇందుకే. పెట్టెలో నిలబడిన గోడలు అడుగుకు దూలాలు. మూలల అతుకులు ఆ దూలాలు పక్కకు పడిపోకుండా పట్టుకుంటాయి. అతుకు ఊడితే గోడ పడుతుంది, గోడ పడితే అడుగు వంగుతుంది. అందుకే మూల దగ్గర తొందర పనికిరాదు.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు పెద్ద చెంచాల మైదాను కొద్ది చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. మిగతా నీళ్ళు పోసి మొత్తం ఒక గ్లాసు చేయండి. పెద్దవాళ్ళు దగ్గర ఉండగా సన్నని మంట మీద కలుపుతూ ఉడికించండి. పాలలా ఉన్నది కాసేపటికి చిక్కబడి నిగనిగలాడుతుంది. మైదాలోని పిండిపదార్థపు రేణువులు వేడినీటిని పీల్చుకుని ఉబ్బి పగలడమే దీనికి కారణం. ఈ జిగురు కాగితం పీచులోకి ఇంకి, ఆరాక పీచును గట్టిగా పట్టుకుంటుంది. పలుచగా రాయండి. ఎక్కువ రాస్తే కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుని వంకర పోతుంది. రెక్కలను బట్టల క్లిప్పులతో అరగంట పట్టి ఉంచండి.

ఒక హెచ్చరిక. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మీరు కలపవద్దు. జిగురు రెండు మూడు రోజుల్లో పులిసిపోతే పారేసి మళ్ళీ చేసుకోండి. పెట్టెలో మిఠాయి పెట్టాలంటే లోపల అరిటాకు ముక్కగాని, శుభ్రమైన వెన్న కాగితంగాని వేయండి. అచ్చు వేసిన కాగితం తినే వస్తువుకు తగలకూడదు.

మూత పట్టని రహస్యం

ఇప్పుడు మన పాత కథకు వద్దాం. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. లేచి, పిల్లలు వాడిన రకం కాగితాలు పది కలిపి మందం కొలిచాను. 2.5 మి.మీ. ఉంది. అంటే ఒక్క షీటు పావు మిల్లీమీటరు. ‘ఇంత పలుచని కాగితం ఏం అడ్డం వస్తుంది?’ అనిపిస్తుంది. లెక్క వేయండి.

12 సెం.మీ. అని మనం గీత గీస్తాం. మడిచాక అడుగు పెట్టె బయటి కొలత 12 కంటే ఒక కాగితం మందం ఎక్కువవుతుంది. మూత లోపలి కొలత 12 కంటే ఒక కాగితం మందం తగ్గుతుంది. మూత లోపల ఎదురెదురు గోడలకు అంటించిన రెక్కలు మరి రెండు మందాలు తింటాయి. మొత్తం నాలుగు మందాలు. అంటే 1 మి.మీ. తేడా. జిగురు మందం దీనికి అదనం. పైగా మూత పైకీ కిందికీ జారాలంటే కొద్ది ఖాళీ ఉండాలి. అందుకు ఇంకో మిల్లీమీటరు. కాబట్టి మూతను 2 మి.మీ. పెద్దదిగా, 12.2 సెం.మీ. గీయాలి. మూత గోడ ఎత్తు 2 సెం.మీ. చాలు. అంటే మూతకు 16.2 సెం.మీ. భుజం గల చతురస్రం కావాలి.

ఇలా చేసిన మూతను పెట్టె మీద పెట్టి వదలండి. టప్పున పడదు, మెల్లగా దిగుతుంది. లోపలి గాలి సన్నని సందులోంచి బయటికి పోవాలి కదా! మూత అలా నింపాదిగా దిగితే మీ కొలత సరిగ్గా కుదిరిందన్నమాట.

కత్తెర, జిగురు లేని పెట్టె

జపాను దేశంలో కాగితం మడతల కళ ఉంది. దాని పేరు ఒరిగామి. అందులో ‘మసు’ అనే పెట్టె ఉంది. మసు అంటే అక్కడ బియ్యం కొలిచే చదరపు చెక్క పాత్ర, మన సోల, మానికల వంటిది. ఈ పెట్టెకు పలుచని కాగితం మంచిది.

18 సెం.మీ. చతురస్రం నాలుగు మూలలనూ మధ్య బిందువుకు మడవండి. చిన్న చతురస్రం వస్తుంది. దాని ఎదురెదురు అంచులను మధ్య గీతకు మడిచి విప్పండి. మిగతా రెండు అంచులనూ అలాగే చేయండి. ఇప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను పూర్తిగా విప్పండి. విప్పని వైపుల గోడలు రెండూ నిలబెట్టండి. విప్పిన చివరలను పైకెత్తి, పక్కల కాగితం లోపలికి ముడుచుకునేలా గోడ మీదుగా లోపలికి మడిచి అడుగుకు నొక్కండి. పెట్టె తయారు!

దీని ఘనపరిమాణం సుమారు 129 ఘనపు సెం.మీ. మన 432లో మూడో వంతు కూడా లేదు. మిగిలిన కాగితం ఏమయింది? పొరలుగా మారింది. సగటున ప్రతిచోటా రెండున్నర పొరలకు పైగా ఉంటుంది. చోటు తగ్గింది, బలం పెరిగింది.

మడతలంటే ఆట అనుకోకండి. కోర్యో మియురా అనే జపాను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన మడత పద్ధతిని 1995లో ప్రయోగించిన ఒక జపాను ఉపగ్రహంలో సౌరఫలకానికి వాడారు. చిన్నగా మడిచి పంపిన ఆ ఫలకం అంతరిక్షంలో విచ్చుకుంది.

చివరికి ఏమయిందంటే...

సభకు పావుగంట ఉందని చెప్పాను కదా. పిల్లల్లో ఒక అమ్మాయి మారు మాట్లాడకుండా మూత నాలుగు మూలల అతుకులూ విప్పింది. గోడలు కొద్దిగా విచ్చుకున్నాయి. మూతను పెట్టె మీద పెట్టి, పట్టుదారంతో చుట్టి ముడి వేసింది. విచ్చుకునే పువ్వులా కుదిరింది. ఎవరూ తప్పు పట్టలేదు.

మర్నాడు తరగతిలో నా లెక్క నల్లబల్ల మీద వేసి, “తప్పు మీ కాగితానిది కాదు, నా కొలతది” అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, “మందం సంగతి మాకూ తట్టలేదు లెండి సార్” అంది.

ఆరు నెలల తరువాత ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. గడియారం చేతికి ఉంది. గూట్లో ఆ పెట్టె ఉంది. అందులో ఆయన కళ్ళజోడు, మందుబిళ్ళలు. మూతకు అదే పట్టుదారం. “రోజూ ముడి విప్పి కట్టడం ఇబ్బంది కదా, ఇంకో మూత చేసి పంపుతాను” అన్నాను. “వద్దు మాస్టారూ, పిల్లలు కట్టిన దారం. ఉండనీయండి” అన్నారు.

మీరూ చేసి చూడండి

1. 24 సెం.మీ. చతురస్రంతో ఎక్కువ పట్టే పెట్టె చేయాలి. గోడ ఎత్తు ఎంత? ఘనపరిమాణం ఎంత?
2. ఆ పెట్టెకు 2 సెం.మీ. గోడల మూత కావాలి. కాగితం మందం అర మిల్లీమీటరు. మూత కాగితం భుజం ఎంత ఉండాలి?
3. ఒకే కాగితంతో రెండు పొడవాటి పెట్టెలు చేయండి. ఒకదానిలో పొడుగు మడతలు పీచు దారి వెంట, రెండోదానిలో అడ్డంగా ఉండాలి. ఏది శుభ్రంగా వచ్చింది?

జవాబులు వేసి, పెట్టె చేసి, మీ లెక్కల మాస్టారికి చూపించండి. మూత మెల్లగా దిగిందో లేదో ఆయన్నే చూడమనండి!